1931లో చిత్తూరులో రేడియో వినడం ఎట్లా ఉండేది? కథ కోసం అడుగుతున్నా

కట్టమంచి కుర్రోడు:

అందరికీ నమస్కారం అండీ. ఒక కథ రాస్తున్నా. 1931, చిత్తూరు, గిరింపేటలో ఒక ప్లీడరు గారి ఇల్లు. ఆయన కోర్టు నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని, కాఫీ తాగి, హాల్లో ఉన్న పెద్ద చెక్క రేడియో మీట నొక్కుతాడు. "ఆకాశవాణి, మద్రాసు కేంద్రం" అని గంభీరంగా వినిపిస్తుంది. ఒక అన్నమయ్య కీర్తన వస్తుంది, ఏడింటికి తెలుగులో వార్తలు, వీధిలో వాళ్లంతా అరుగుల మీద చేరి వింటారు, గాంధీ గారు లండన్‌లో రౌండ్ టేబుల్ సమావేశానికి చేరుకున్న కబురు అందరికీ ఒక్కసారిగా తెలుస్తుంది. సీను ఇంతే.

మా స్నేహితుడు చదివి "ఆ కాలంలో ఇంత సుఖంగా వినేవాళ్లంటావా" అని ఒక్క ముక్క అనేసి పోయాడు, అప్పటి నుంచి కలం కదలడం లేదు. అసలు ఆ రోజుల్లో మద్రాసు మనకు అందేదా? ఇంట్లో ఎట్లాంటి సెట్టు ఉండేది, ఏం వినేవాళ్లు? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. సీను మొత్తం తిరగరాయమన్నా రాస్తా, కానీ రేడియో లేకుండా మాత్రం కథ లేదు.


పాత వాల్వు:

తమ్ముడూ, మీ స్నేహితుడు మంచి పాఠకుడు, పోగొట్టుకోవద్దు.

ఒక్కొక్కటీ చూద్దాం. 1931లో ఆల్ ఇండియా రేడియో అనే పేరే లేదు, అది 1936 జూన్‌లో వచ్చింది. ఇక ఆకాశవాణి అని వాళ్లు చెప్పుకోవడం 1957 నుంచి. ఆ పేరుతో మొదట మొదలైంది మైసూరులో గోపాలస్వామి గారు తన ఇంట్లో పెట్టుకున్న చిన్న స్టేషను, అదీ 1935లో. కాబట్టి ఆ అనౌన్స్‌మెంటు కొట్టెయ్యండి.

మరి మద్రాసులో ఏముండేది అంటే, ఇది మన తెలుగువాళ్లలో చాలామందికి తెలియని సంగతి, 1927లో బొంబాయి, కలకత్తాల్లో కంపెనీ స్టేషన్లు రాకముందే అక్కడ రేడియో మొదలైంది. సి.వి. కృష్ణస్వామి చెట్టి గారనే ఆయన పూనుకుని 1924 మేలో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ పెట్టారు, జూలై 31 నుంచి ప్రసారాలు. ట్రాన్స్‌మిటరు ఎంతనుకున్నారు? 40 వాట్లు. మన ఇళ్లలో పాతకాలం గుండు బల్బు కూడా అంతే. తర్వాత 200 వాట్లకు పెంచారు. కానీ క్లబ్ అంటే సభ్యుల చందాల మీద నడవాలి కదా, డబ్బు చాలక 1927 అక్టోబరులో మూసేశారు. ట్రాన్స్‌మిటరును మద్రాసు కార్పొరేషన్‌కు ఇచ్చేశారు, వాళ్లు 1930 ఏప్రిల్ 1న మళ్లీ మొదలుపెట్టారు. అంటే మీ ప్లీడరు గారు 1931లో వినేది సర్కారు రేడియో కాదు, మునిసిపాలిటీ రేడియో! వీధి దీపాలూ కుళాయిలూ చూసుకునే వాళ్లే సాయంత్రం 5:30 నుంచి 7:30 దాకా సంగీతం వినిపించేవాళ్లు. బడి పిల్లలకు పాఠాలూ కథలూ కూడా ఉండేవి. మెరీనా బీచిలో, పార్కుల్లో లౌడ్‌స్పీకర్లు పెట్టారు. మీ "వీధి వీధంతా విన్నది" అనే బొమ్మ మెరీనాకు సరిపోతుంది, గిరింపేటకు కాదు.

వార్తలు తీసేయండి. వార్త కావాలంటే ప్లీడరు గారు రైల్లో వచ్చే ఆంధ్రపత్రికో హిందూనో చూసుకోవాల్సిందే. ఇంకో తమాషా చెప్పనా, గాంధీ గారు 1931 సెప్టెంబరు 13న లండన్‌లో నిజంగానే మైకు ముందు కూర్చుని మాట్లాడారు, కింగ్స్‌లీ హాల్ నుంచి. కానీ అది అమెరికావాళ్లు వినడానికి. న్యూయార్కులో విన్నారు, చిత్తూరులో వినలేదు. ఇది మీ కథలో ఎక్కడైనా పెట్టుకోగలిగితే వార్తల సీను కంటే పదిరెట్లు బాగుంటుందని నాకనిపిస్తోంది.

సెట్టు గురించి రాత్రికి వచ్చి రాస్తా, షాపు తీయాలి.


గాలిగోపురం:

అన్నమయ్య కీర్తన కూడా కుదరదు సార్. ఆయన పాటలు చెక్కిన రాగిరేకులు వెలుగులోకి రావడమే 1922 ప్రాంతం, సాధు సుబ్రహ్మణ్య శాస్త్రి గారి పుణ్యమా అని. వాటికి రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ గారు తిరుపతికి వచ్చి స్వరాలు కట్టడం 1950 ప్రాంతంలో. 1931 సాయంత్రం త్యాగరాజ కీర్తన పెట్టుకోండి, ఎవ్వరూ వేలు పెట్టరు. మరొకటి, కథలో ఎక్కడైనా టీటీడీ అన్నారేమో చూసుకోండి, దేవస్థానం కమిటీ 1933లో వచ్చింది, అంతకుముందు మహంతుల పాలన.

ఇంకో డౌటు. మద్రాసుకూ మనకూ మధ్య నగరి కొండలున్నాయి, తిరుపతి నుంచైతే మరీను. రేడియో ఆ కొండలు దాటి వస్తుందా? ఎఫ్ఎం అయితే మా ఊళ్లో కొండ చాటున పడితే చచ్చిపోతుంది.


ఫిజిక్సు అక్క:

కొండల బెంగ అక్కర్లేదు. ఎఫ్ఎం అల పొడవు మూడు మీటర్లు, ఆ కాలం రేడియో వాడిన మీడియం వేవ్‌ది 200 నుంచి 550 మీటర్ల దాకా. అంత పొడుగు అల కొండను పెద్దగా లెక్కచేయదు, వంగి పాక్కుంటూ వచ్చేస్తుంది. అసలు అడ్డం దూరం. నేరుగా గీత గీస్తే మద్రాసు నుంచి తిరుపతికి 110 కిలోమీటర్లు, చిత్తూరుకు 125 పైచిలుకు. 200 వాట్ల స్టేషనుకు అది చాలా దూరం. నేల మీద పాకే అల ఇక్కడికి వచ్చేసరికి నీరసించిపోతుంది.

కానీ పొద్దుగుంకితే కథ మారుతుంది, నా సలహా ఏంటంటే మీ సీనంతా దీని మీదే కట్టండి. పగలు ఆకాశంలో 60–90 కిలోమీటర్ల ఎత్తున ఒక పొర (డి పొర అంటాం) ఎండకు తయారై మీడియం వేవ్‌ను తాగేస్తుంది. సూర్యుడు దిగాక ఆ పొర పల్చబడిపోతుంది. అప్పుడు పైకి పోయిన అల ఇంకా పై పొరకు తగిలి కిందికి తిరిగి వస్తుంది. అట్లా ఒక పొర ఉందని ఆపిల్టన్ ఇంగ్లాండులో ప్రయోగం చేసి తేల్చింది 1924 డిసెంబరులో, మద్రాసు క్లబ్ పుట్టిన ఏడాదే. మన తిరుపతి–చిత్తూరు దారిలో గాదంకి దగ్గర 1024 యాంటెన్నాలు పరిచిన ఎమ్ఎస్‌టీ రాడార్ ఉంది కదా, బస్సులో పోతూ చూసే ఉంటారు, అక్కడ చదివేది ఈ పై గాలులనూ పొరలనే. ఎప్పుడు ఆ పక్క నుంచి పోయినా, ఈ పొరల గొడవేమీ తెలియకుండానే పాత మహానుభావులు తీగ కట్టి మద్రాసు పట్టుకున్నారు కదా అనుకుంటా.

ఇప్పుడు లెక్క చూడండి. ప్రసారం 5:30 నుంచి 7:30. చిత్తూరులో డిసెంబరు మొదట్లో సూర్యాస్తమయం 5:45 ప్రాంతం, జూన్‌లో అయితే 6:40. అంటే జూన్‌లో మీ ప్లీడరు గారు సగానికి పైగా ప్రోగ్రాం గరగరలోనే పోగొట్టుకుంటాడు. వేసవిలో, ఐప్పసి (అక్టోబరు–నవంబరు) వానల్లో ఉరుముల గోల వేరే, ఎక్కడో వందల మైళ్ల అవతల మెరిసినా ఇక్కడ చెవిలో పటపట మంటుంది. డిసెంబరు, జనవరి అయితే చక్కగా ఉంటుంది.

పైగా మనం ఉన్న దూరం భలే ఇబ్బందైన దూరం. నేల మీద వచ్చే అలా, ఆకాశం నుంచి దిగే అలా రెండూ కొద్ది కొద్దిగా అందుతాయి, ఒకదానికొకటి ఒకసారి సాయం చేస్తాయి, ఒకసారి కొట్టుకుంటాయి. పాట పెరుగుతుంది, తగ్గుతుంది, ఒక్కోసారి పల్లవి వినపడి చరణం మొత్తం మాయమైపోయి మళ్లీ పల్లవికి తిరిగొస్తుంది. ఆలాపన మధ్యలో పోతే పాడేవాడు ఆగాడో అల ఆగిందో తెలీదు.


కట్టమంచి కుర్రోడు:

అక్కా, దండం పెడతా. పల్లవి వచ్చి చరణం పోవడం నా కథకే పుట్టినట్టుంది. సీను డిసెంబరుకు జరిపేస్తున్నా. గాంధీ గారు ఆ నెలాఖరుకే బొంబాయి తిరిగొచ్చారు కాబట్టి ప్లీడరు గారూ స్నేహితులూ మాట్లాడుకోవడానికి విషయం కూడా ఉంటుంది.

వాల్వు అన్నా, సెట్టు సంగతి మర్చిపోవద్దు. ఇంకా ఒకటి, ఇంట్లో ఎంతమంది వినగలరు? ప్లీడరు గారి అమ్మ, భార్య, గుమాస్తా అందరూ సీనులో ఉన్నారు నాకు. క్రిస్టల్ సెట్టు అని ఒకటి చదివాను, బ్యాటరీ కూడా అక్కర్లేదట కదా, అది పెట్టుకోవచ్చా?


పాత వాల్వు:

వచ్చా. క్రిస్టల్ సెట్టు మద్రాసు మైలాపూరులో ఉన్న కుర్రాడికి ఇవ్వండి, చిత్తూరు ప్లీడరుకు కాదు. గలీనా అని సీసం ఖనిజం ముక్క, దాని మీద సన్నటి తీగ మొనతో తడుముకుంటూ పోతే ఒకచోట పాట వినిపిస్తుంది. గలీనాతో అలలు పట్టడానికి పేటెంటు తీసుకున్నది మన జగదీశ్ చంద్ర బోసు గారే, 1904లో. బ్యాటరీ అక్కర్లేదన్న మాట నిజం. ఎందుకంటే చెవిలో మోగే శక్తి మొత్తం గాల్లోంచి వచ్చిందే. 200 వాట్ల స్టేషను నుంచి 125 కిలోమీటర్ల దూరానికి గాల్లో అంత శక్తి మిగలదు.

కాబట్టి వాల్వు సెట్టు, అంటే గాలి తీసేసిన గాజు గొట్టాలతో అందిన సంకేతాన్ని పెంచే సెట్టు. మూడు వాల్వులని రాసుకోండి. ఇక్కడే అసలు కథ ఉంది, ఎందుకంటే మీరు రాసినట్టు మీట నొక్కితే పాడే వస్తువు కాదు అది. ఇంట్లో కరెంటు లేదనుకోండి, మూడు రకాల బ్యాటరీలు కావాలి. వాల్వు ఫిలమెంటు (లోపలి సన్నటి తీగ) వెలిగించడానికి 2 వోల్టుల యాసిడ్ బ్యాటరీ, గాజు జాడీలో ఉంటుంది. పక్కన 100, 120 వోల్టుల డ్రై బ్యాటరీ, ఇటుక కంటే పెద్దది. ఇవి కాక వాల్వు లోపలి జాలీకి (గ్రిడ్ అంటారు) 9 వోల్టులది చిన్నది. డ్రై బ్యాటరీ అయిపోతే మద్రాసు నుంచి కొత్తది తెప్పించుకోవాలి, ఖరీదైన వ్యవహారం. యాసిడ్ బ్యాటరీ వాడకాన్ని బట్టి వారానికో రెండు వారాలకో దిగిపోతుంది, ఆయిల్ ఇంజనూ డైనమో ఉన్న చోటు వెతుక్కుని మోసుకుపోయి చార్జి చేయించుకు రావాలి. మీ గుమాస్తాకు పని దొరికింది చూడండి. జాడీ తొణికి యాసిడ్ చుక్క పంచె మీద పడితే ఆ పూటకేమీ కనబడదు, ఉతికాక చిల్లులు తేలతాయి. ప్లీడరు గారి భార్య ఆ రేడియో గురించి ఏమనుకుంటుందో నేను చెప్పక్కర్లేదు.

ఏరియల్ అంటే 80, 100 అడుగుల రాగి తీగ. మేడ మీద ఒక కొస, కొబ్బరిచెట్టుకో వేపచెట్టుకో ఒక కొస, రెండు కొసల్లో పింగాణీ గుడ్లు. ఇంకో తీగ భూమిలోకి, బావి దగ్గర తడి నేల్లో రాగి రేకు పాతి దానికి. మన జిల్లా నేల సంగతి తెలుసుగా, ఎండలు ముదిరితే ఆ గుంతలో రోజూ చెంబెడు నీళ్లు పోయాల్సిందే, లేకపోతే శబ్దం పడిపోతుంది. వాన మబ్బు పడితే పరుగెత్తి కిటికీ దగ్గర స్విచ్ వేసి ఏరియల్‌ను నేరుగా భూమికి కలిపేయాలి, పిడుగు భయానికి.

పట్టుకోవడం ఎట్లాగంటే, ఒక చేత్తో ట్యూనింగ్ గుండీ, ఇంకో చేత్తో రియాక్షన్ గుండీ. రియాక్షన్ అంటే వాల్వు నుంచి బయటికొచ్చిన సంకేతంలో కొంత మళ్లీ దానికే తినిపించడం, దాంతో బలం విపరీతంగా పెరుగుతుంది. కానీ ఒక్క వెంట్రుకవాసి ఎక్కువ తిప్పామా, కుయ్యిమని ఈల. అప్పుడు ఆ సెట్టే చిన్న ట్రాన్స్‌మిటరు అయిపోతుంది, ఏరియల్ నుంచి ఈల బయటికి పోయి చుట్టుపక్కల వినేవాళ్లందరి పాటా చెడగొడుతుంది. మద్రాసులో ఇదొక వీధి తగాదా. చిత్తూరులో రెండో సెట్టు ఉంటే కదా తగాదా. ఇంకో విచిత్రం, బాగా వినిపిస్తోంది కదాని గుండీ మీంచి చెయ్యి తీస్తే స్టేషను జరిగిపోతుంది, చెయ్యి దగ్గరుండటమే లెక్కలో ఒక భాగం. అందుకని మీ ప్లీడరు గారు సుఖంగా వాలుకుర్చీలో పడుకోడు. సెట్టు ముందు ముక్కాలిపీట మీద ఊపిరి బిగబట్టి వంగి కూర్చుంటాడు, ఎవరైనా మాట్లాడితే కసురుతాడు.

ఎంతమంది వింటారు అన్నారు. హెడ్‌ఫోను ఒకటే, రెండు చెవుల డబ్బాలుంటాయి. విడదీసి చెరొకటి పట్టుకుంటే ఇద్దరు. లేదా హెడ్‌ఫోన్లను ఖాళీ ఇత్తడి గిన్నెలో పెడితే గిన్నె మోగి చుట్టూ తలలు పెట్టినవాళ్లకు సన్నగా వినపడుతుంది, అప్పట్లో ఇది అన్ని దేశాల్లో చేసిందే. కొమ్ము లౌడ్‌స్పీకరు పెట్టుకోవచ్చు గానీ మన దూరానికి అన్ని రోజులూ అంత బలం రాదు. అరుగుల మీద జనాన్ని మాత్రం ఇళ్లకు పంపేయండి.


పోస్టాఫీసు పద్మ:

నేను తపాలా శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఎవరూ లైసెన్సు సంగతి ఎత్తలేదు. బాబూ, ఆ సెట్టుకు ఏడాదికి పది రూపాయల లైసెన్సు ఉండాలి. 1927లో బొంబాయి, కలకత్తాల్లో ప్రైవేటు కంపెనీ స్టేషన్లు పెట్టినప్పుడు ఆ పది రూపాయల్లో ఎనిమిది కంపెనీకి పోయేవి, అయినా గిట్టక 1930 మార్చిలో దివాళా తీసింది. తీయదా మరి, 1930 ప్రాంతానికి దేశం మొత్తం మీద లైసెన్సులు ఎనిమిది వేలు కూడా దాటలేదు. కాబట్టి కథలో "ఊళ్లో నలుగురైదుగురికి రేడియోలున్నాయి" లాంటి మాట రాయకండి, ఒక్కటి ఉన్నా గొప్పే.

ఆ తర్వాత సర్కారు తీసుకుంది. తీసుకున్నాక అదీ నష్టమేనని 1931 అక్టోబరులో బొంబాయి, కలకత్తా స్టేషన్లు మూసేస్తున్నామని ప్రకటించింది, గోల రేగితే నవంబరులో వెనక్కి తగ్గింది. మీ సీను డిసెంబరుకు జరిపారు కదా, ప్లీడరు గారి మిత్రులకు ఇది వారాల నాటి తాజా కబురు. "ఇంత పోసి కొన్నావు, రేపు స్టేషనే లేకపోతే ఏం చేస్తావు" అని ఆయన్ని ఏడిపించడానికి ఇంతకంటే ఏం కావాలి? మద్రాసుది కార్పొరేషన్‌ది కాబట్టి దానికీ మూతకూ సంబంధం లేదు, ఆయన ఆ పాయింటు లాయరు కాబట్టి గట్టిగా వాదించుకోవచ్చు.

ఇంకో లా పాయింటు కూడా. సెట్టు ఇంట్లో ఉండటమే లైసెన్సు లేకుంటే నేరం అని తేల్చిన వైర్‌లెస్ చట్టం 1933లో వచ్చింది. 1931లో లైసెన్సు కట్టకుండా తప్పించుకునే సందులు వెతికే ప్లీడరును రాస్తే నవ్వొస్తుంది. మా కాలంలో కూడా లైసెన్సు పుస్తకం పట్టుకుని క్యూలో నిలబడేవాళ్లు, పిల్లలకు చెబితే నమ్మరు, రేడియోకు లైసెన్సేంటి అంటారు.


గాలిగోపురం:

పద్మమ్మా సూపరు. నాకు ఇంకో ఐడియా, సెట్టును తిరుమల కొండ మీదికి మోసుకుపోతే ఇంకా బాగా వినపడదా? క్లైమాక్సు అక్కడ పెట్టొచ్చు.


ఫిజిక్సు అక్క:

మీడియం వేవ్‌కు ఎత్తు వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, పైగా రాతి నేలలో ఎర్తింగు కుదరదు. ఘాట్ రోడ్డు 1944లో కదా వచ్చింది, 1931లో ఆ యాసిడ్ జాడీని మెట్ల దారిలో మోసేవాడి మీద జాలి చూపండి.


కట్టమంచి కుర్రోడు:

కొండ వద్దులెండి. ఇప్పటికి ఇట్లా మార్చా: డిసెంబరు, వెన్నెల లేని రాత్రి. 5:30 నుంచి ప్లీడరు గారు గుండీలతో కుస్తీ, గిన్నె చుట్టూ అమ్మా, భార్యా, గుమాస్తా. ఆరున్నరకు గానీ పాట అందదు. అమ్మగారు చెవి ఆనించి "ఎవరో ఏడుస్తున్నట్టుంది కదరా" అంటుంది, సరిగ్గా అప్పుడే త్యాగరాజ కీర్తన తేలుతుంది. తెలుగు కీర్తనే కదా, మాటలు ఆవిడ ముందే పాడేస్తుంది, రేడియోలో చరణం మాయమైనా ఆవిడ ఆపదు. ఇది ఓకేనా? ఇంకా, పాడేవాళ్లు అక్కడ నిజంగా ఆ క్షణంలోనే పాడుతున్నట్టా, రికార్డు వేసినట్టా?


పాత వాల్వు:

అమ్మగారు చరణం అందుకోవడం భలే ఉంది, అది మార్చకండి.

రెండూ ఉండేవి. గ్రామఫోను ప్లేటు వేసి వినిపిస్తే మీకే తెలిసిపోతుంది, ఒక వైపు మూడు నిమిషాలు, మూడున్నర నిమిషాలు, అంతలో అయిపోతుంది. మనిషి వచ్చి పాడితే మాత్రం అప్పటికప్పుడే, టేపు అనేది లేదు, తప్పు పడితే పడ్డట్టే, దగ్గితే దగ్గు చిత్తూరు దాకా వస్తుంది. మీ పాట అరగంట సాగాలి కాబట్టి మనిషినే పెట్టండి. కార్బన్ మైకులు, వాటికదే ఒక సన్నటి బుస ఉండేది. ఆ కాలం స్టూడియోల్లో గోడలకు మందపాటి బట్టలు వేలాడదీసేవాళ్లు గొంతు ప్రతిధ్వనించకుండా, తలుపులు బిగించి. మద్రాసు ఉక్కలో లోపలున్న విద్వాంసుడి అవస్థ ఊహించుకోండి.

ఇంకొక్క సవరణ. వెన్నెల ఉన్నా లేకున్నా రేడియోకు తేడా లేదు, మీ కవిత్వానికైతే ఉంచుకోండి. 7:30కి ప్రసారం ముగిశాక ప్లీడరు గారు మొట్టమొదట చేయాల్సిన పని ఫిలమెంటు స్విచ్ ఆపడం, మర్చిపోతే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ, గుమాస్తా మళ్లీ జాడీ ఎత్తుకోవాలి. గుమాస్తా ఉన్నాడు కాబట్టి మర్చిపోయాడనే రాయండి.


పోస్టాఫీసు పద్మ:

పూర్తయ్యాక ఇక్కడే పెట్టు బాబూ. పది రూపాయలు కట్టించడం మాత్రం మర్చిపోకు.